బండెత్తు బంగారం

పోయిన వారం మల్లక్క ఒక మొక్కు మొక్కుకుంది. కథ అక్కడే ఆగింది కాబట్టి ఆ మొక్కు సంగతి ముందుగా చెప్పుకోవాలి.

గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ క్వార్టర్లో, కూతురు భూమిక టీవీ ముందు కూర్చుని కార్ల పందెం ఆడుతోంది. ఆ ఆట గెలిస్తేనే కరీంనగర్‌లో జరిగే ఆఖరి పోటీకి పిలుపు వస్తుంది. తెర మీద భూమిక కారు లోయ అంచున రెండు చక్రాల మీద ఊగుతోంది. అట్లకాడ చేతిలో పట్టుకుని వంటింట్లోంచి వచ్చిన మల్లక్క ఆ ఊగుడు చూసి గుండె చేత్తో పట్టుకుంది. "తల్లీ సమ్మక్కా! బండిని నిలబెట్టు. కరీంనగర్‌ల గూడ నా బిడ్డను గెలిపియ్యి. గెలిపించిన బండెత్తు బంగారం నీ గద్దె కాడ జోకిస్త!" అంది.

సమ్మక్క తల్లి దగ్గర బంగారమంటే బెల్లమే. పిల్లకు జ్వరమొస్తే నిలువెత్తు బంగారం మొక్కుకుని, జ్వరం తగ్గాక పిల్లను త్రాసులో ఒక పక్క, బెల్లాన్ని ఇంకో పక్క పెట్టి జోకి తల్లికి ఇచ్చుకుంటారు. ఆపదలో ఎవరుంటే వారి ఎత్తు మొక్కాలి, అది ఆ ఇంటి పద్ధతి. ఆ సమయానికి ఆపదలో ఉన్నది బండి. మల్లక్క పద్ధతి ప్రకారమే మొక్కింది.

కారు నిలబడింది. పిలుపు వచ్చింది. మొక్కు విన్నది అత్త కిష్టవ్వ ఒక్కతే. పక్కన కూర్చుని వక్క నములుతున్న ఆమె, నమలడం ఆపి ఒకటే అడిగింది.

"బాగనే మొక్కినవ్ కోడలా. మరి బండి ఎంత తూగుతది?"

ఆ ఆటలో ప్రతి బండి బొమ్మ కింద దాని బరువు కిలోల్లో రాసి ఉంటుందని మల్లక్కకు ఆ తర్వాత తెలిసింది.

*

కరీంనగర్ పోటీ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే వేదిక మీద రెండు కుర్చీలు, రెండు స్టీరింగులు, వెనక గోడంత తెర. రంగు దీపాలు తిరుగుతున్నాయి. కిష్టవ్వ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది.

"ఇది గుడి కాదవ్వా, తొడుక్కో" అన్నాడు కొడుకు రాయమల్లు.

"దీపాలు ఎలుగుతున్నయి, జనం చేతులు కట్టుకొని కూసున్నరు. నాకెందుకొచ్చిన పాపం" అని ఆమె ఉత్త కాళ్లతోనే లోపలికి నడిచింది.

వేదిక మీద భూమిక ఒక కుర్చీలో కూర్చుంది. రెండో కుర్చీలో ఇచ్చోడ నుంచి వచ్చిన సాయిచంద్. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. భూమికకు చెయ్యి కలిపి, కింద కూర్చున్న కిష్టవ్వకు కూడా దండం పెట్టాడు. ఇంత మంచి పిల్లాడిని ఓడించమని తల్లిని ఎట్లా అడగాలో మల్లక్కకు తోచలేదు.

పందేలు మూడు. మొదటిది పాత బస్తీ సందుల్లో, రెండోది సాఫీ హైవే మీద, మూడోది అడవి బురదలో. ఒక్కో పందేనికి ఒక్కో బండి ఎంచుకోవచ్చు. రెండు గెలిచినవాళ్లే గెలిచినట్టు.

భూమికకు ఈ గెలుపు ఆట మాత్రమే కాదు. గెలిచినవాళ్లను హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే ఒక ఆఫీసు వాళ్లు పనిలోకి తీసుకుంటారు. కొత్త ఆటలు ఆడి, వాటిలో తప్పులు పట్టే పని. "ఆడుకుంట ఉంటే జీతమిస్తరా?" అని రాయమల్లు వారం రోజులు నవ్వాడు. తర్వాత ఒప్పందం చేసుకున్నాడు. గెలిస్తే హైదరాబాద్. ఓడితే ఆసిఫాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి బీఈడీ. ఆ మేనత్త పొద్దున్నే లేపి ఇల్లంతా ఊడిపించి, తర్వాత నీతి చెప్పే మనిషి. భూమిక ఆ పేరు వింటేనే స్టీరింగు గట్టిగా పట్టుకునేది.

"బిడ్డా, గా ఎర్ర కారు తీస్కో!" రాయమల్లు కిందినుంచి అరిచాడు. "అన్నిట్లకెల్ల ఖరీదైంది గదే. మూడు పందేలకూ గదే పెట్టు!"

"బాపూ, పట్టుచీర కట్టుకొని నాట్లకు పోతరా?" భూమిక తల తిప్పకుండానే అంది. "గా ఎర్రది నేలకు ఆనుకొని పోతది. హైవే మీద బాణం. సందుల్ల మలుపు తిరిగేసరికి గోడకు అతుక్కుంటది. బురదల పెడితే ఎడ్లను తెచ్చి గుంజుడే."

ముందు వరుసలో ఎవరో నవ్వారు. రాయమల్లు కండువా సర్దుకున్నాడు.

మల్లక్కకు బిడ్డ మాట వెంటనే అర్థమైంది. పప్పుకు ఒక గిన్నె, జొన్నగటకకు ఒక గిన్నె. ఏ వంటకు ఏ గిన్నో తెలియనివాళ్లే అన్నిటికీ కొత్త గిన్నె పెట్టి మాడబెడతారు. కానీ ఆమె కళ్లు బండ్ల అందం మీద లేవు. ప్రతి బొమ్మ కింద ఉన్న అంకె మీదే ఉన్నాయి. పొద్దున బస్సులో పెద్దపల్లి దాటినప్పటి నుంచి కూతురికి ఒకటే చెబుతోంది. "చిన్న బండి తీస్కో బిడ్డా. చిన్నది చూడ సక్కగుంటది." ఎప్పుడూ లేనిది అమ్మకు కార్ల మీద ఇంత ముచ్చట ఎందుకు పుట్టిందో భూమికకు అర్థం కాలేదు.

మొదటి పందేనికి భూమిక అన్నిటికన్నా చిన్న తెల్ల కారునే ఎంచుకుంది. అమ్మ చెప్పిందని కాదు. సందులకు అదే సరైనది. మల్లక్క కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. తెల్ల కారు కూరగాయల బండ్ల మధ్యలోంచి, మెట్ల పక్కనుంచి, ఎండేసిన చీరల కింది నుంచి ఎలకలాగా దూరిపోయింది. సాయిచంద్ కొంచెం పెద్ద కారు తీసుకుని రెండు మలుపుల్లో ఇరుక్కున్నాడు. భూమిక గెలిచింది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కిష్టవ్వ మాత్రం ఒక వేలు మడిచింది.

"ఏడు క్వింటాళ్లు" అంది కోడలి చెవిలో.

"గిది ఇంక మొదటిదే గదత్తా. మొత్తం గెలిస్తెనే మొక్కు."

"గెలిపించిన బండెత్తు అన్నవ్. గెలిస్తే, గెలిపించినవన్నీ లెక్కకొస్తయి. నేను విన్న. తల్లి గూడ విన్నది."

ఏడు క్వింటాళ్ల బెల్లం ఒక ట్రాలీ ఆటోలో పడుతుందా అని మల్లక్క ఆలోచిస్తుండగానే రెండో పందెం మొదలైంది. హైవే. భూమిక ఎర్ర కారు తీసుకుంది. పద్నాలుగు క్వింటాళ్లు. మల్లక్క లెక్కలోకి ఇంకో రెండు ట్రాలీ ఆటోలు వచ్చి చేరాయి. రాయమల్లు మాత్రం "చెప్పిన గద! చెప్పిన గద!" అని చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఎర్ర కారు నిజంగానే బాణంలా పోయింది. సాయిచంద్ నీలం కారు దాని వెనకే, దాని నీడలో నీడలా పోయింది. చివరి గీత కనబడేదాకా ఓపిగ్గా వెనకే ఉండి, పక్కకు తప్పుకుని ఒక్క దూకులో ముక్కు ముందుకు పెట్టాడు. అంతే. మూరెడు తేడాతో భూమిక ఓడిపోయింది.

"హమ్మయ్య" అంది మల్లక్క.

పద్నాలుగు క్వింటాళ్లు తప్పాయి. ఆమె ముఖం దానంతట అదే విచ్చుకుంది. సరిగ్గా అప్పుడే, ఆడేవాళ్ల ఇంటివాళ్లు ఎట్లా ఉన్నారో చూపిద్దామని పోటీ పెట్టినవాళ్లు కెమెరా ఇటు తిప్పారు. గోడంత తెర మీద మల్లక్క నవ్వుముఖం, గడప అంత వెడల్పు పెదవులతో, ముక్కుపుల్లతో సహా మెరిసింది.

వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు స్పష్టంగా వినిపించింది. "గామె పిలగాని తల్లా?"

"కాదు, పిల్ల తల్లే" అని ఇంకో గొంతు.

వేదిక మీద భూమిక మెడ తిప్పి తెర వైపు చూసింది.

*

మూడో పందేనికి ముందు చాయ్ తాగడానికి విరామం ఇచ్చారు. ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట, వరసగా ఉన్న నల్లాల దగ్గర భూమిక తల్లిని పట్టుకుంది.

"నేను ఓడితే నవ్వినవ్."

"నవ్వలేదు బిడ్డా. ముఖం గట్ల అయింది."

"గోడంత నవ్వినవే అవ్వా! కరీంనగర్ అంత చూసింది. నన్ను ఆసిఫాబాద్ పంపాలని బాపుకే ఉందనుకున్న. నీకు గూడ ఉన్నదా?"

మల్లక్క నల్లా తిప్పింది, కట్టింది. మళ్లీ తిప్పింది. ఏం చెప్పాలో తెలియనప్పుడు ఆమె చేతులు ఏదో ఒక పని వెతుక్కుంటాయి. చెబితే బిడ్డ మనసు బండి మీద నిలవదు. చెప్పకపోతే బిడ్డ మనసే విరిగిపోతుంది. తల్లి లోపల ఏముందో కొన్నిసార్లు తల్లికే తెలియదు. కూతురి ఓటమికి ఒక్క ఘడియ సంతోషించిన మాట నిజమే కదా! దానికి ఏ దేవుడి దగ్గర ఏం చెప్పుకోవాలి?

"చెప్పవే" అంది కిష్టవ్వ వెనకనుంచి. "చెప్పకుంటే నేను చెప్త."

మల్లక్క చెప్పేసింది. లోయ అంచు, రెండు చక్రాలు, గద్దె, జోకుడు, మడిచిన వేలు, అన్నీ.

భూమిక మొదట నవ్వింది. నల్లా పట్టుకుని వంగి మరీ నవ్వింది. "తెల్ల కారెత్తు బెల్లమా? గద్దె కాడ త్రాసుల కారును ఎట్ల పెడ్తవే?" అంటూ కళ్లు తుడుచుకుంది. చాయ్ గ్లాసులతో వచ్చిన రాయమల్లుకు సంగతి తెలిసి అతను మాత్రం నవ్వలేదు. తన తెలివికి పని దొరికినందుకు గ్లాసులు గోడ మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"ఏం పరేషాన్ లేదు. తెర మీది బండికి బరువెక్కడిది? అది ఉత్త కరెంటు. స్విచ్ బంద్ చేస్తే బండీ లేదు, బరువూ లేదు. మస్తంటే ఆట డబ్బా ఎంత తూగితే గంత బెల్లం ఇద్దాం. మూడు, నాలుగు కిలోలు."

"బొమ్మకు బరువు లేదంటవ్" అంది కిష్టవ్వ నెమ్మదిగా.

"లేదు."

"గోడ మీది పటం ముంగట పొద్దుగాల లేచి దండమెందుకు పెడ్తవ్? అది కాయితమే గద."

"అది వేరవ్వా."

"సమ్మక్కకు బొమ్మ గూడ లేదు కొడుకా. చిలకలగుట్ట మీదికెళ్లి కుంకుమ భరిణె తెస్తరు. నువ్వు చూసేది భరిణె. నువ్వు మొక్కేది ఎవరికి? కనపడేదానికే బరువుంటదని నీకెవరు చెప్పిండ్రు?"

రాయమల్లు చాయ్ గ్లాసు ఎత్తుకున్నాడు. తల్లి ఈ దారిలోకి వచ్చినప్పుడు చాయ్ తాగడమే మంచిదని అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు.

"మొక్కు ఆలస్యం చెయ్యొద్దు, గంతే" కిష్టవ్వ ఇంకా ఆపలేదు. "మా లస్మవ్వ కొడుకుకు పదేండ్లప్పుడు మొక్కిండ్రు. ఇయ్యాల రేపు అనుకుంట పెండ్లి అయినంక జోకిండ్రు. అప్పటికి వాడు మూడింతలైండు. త్రాసు గొలుసు తెగింది."

భూమిక నవ్వు అప్పటికే ఆగిపోయింది. ఆమె తల్లినే చూస్తోంది.

"అవ్వా, ఒకటి చెప్పు. మొక్కు ఎందుకు మొక్కినవ్? నాకు రాదనా?"

ఈ ప్రశ్న మల్లక్క అనుకోలేదు. బెల్లం గురించి అడుగుతుందనుకుంది.

"గట్ల కాదు బిడ్డా."

"రెండేండ్ల సంది ఆడుతున్న. ఏ దారికి ఏ బండో, ఏ మలుపుల ఎప్పుడు బ్రేకో నాకు నిద్రల గూడ తెలుసు. నేను గెలుస్తే, సమ్మక్క గెలిపించిందంటవ్. ఓడితే, భూమిక ఓడిందంటవ్. మరి నాకేం మిగిలింది?"

మల్లక్క కొంగు చివర చేతికి చుట్టుకుంది. పిల్ల అడిగింది తప్పు కాదు. తనకు కూడా పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఎప్పుడైనా ఇట్లాంటి అనుమానమే వచ్చి, పోయేది.

"నువ్వు పదో తరగతి పరీక్షకు పోతే కొబ్బరికాయ కొట్టిన" అంది చివరికి. "నీకు చదువు రాదనా? నీ బాపు బొగ్గు బాయిల దిగిన ప్రతి పొద్దు దీపం పెట్టిన. ఆయనకు పని రాదనా? మీ చేతుల ఉన్నది మీరు చేస్తరు. మీ చేతుల లేనిది గింత ఉంటది గద. గా గింత దగ్గర నేను నిలబడ్డ. నాకు స్టీరింగు తిప్పుడు రాదు. మొక్కుడొచ్చు."

నల్లా నుంచి చుక్క చుక్కగా నీళ్లు పడుతున్నాయి. భూమిక చేయి చాచి గట్టిగా కట్టేసింది.

"ఇంక మిగిలింది బురద పందెం" అంది మెల్లగా. "బురదకు చిన్న బండి పెడితే బోర్లపడ్డ తాబేలే. జీపు పెట్టొచ్చు, వాగు కాడ ముంచుతది. దానికి సరైంది ఒక్కటే. ఆరు చక్రాల లారీ."

"ఎంత?" అంది కిష్టవ్వ.

"తొంభై క్వింటాళ్లు, బాపమ్మా."

రాయమల్లుకు చాయ్ గొంతులో అడ్డం పడింది. మల్లక్క గోడకు ఆనుకుంది.

"నువ్వే చెప్పవ్వా, ఏ బండి తీస్కోవాలె?" భూమిక గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. "చిన్నది తీస్కోమంటే చిన్నదే తీస్కుంట. ఓడిపోత. మొక్కు ఉండదు, బెల్లం ఉండదు. రేపు ఆసిఫాబాద్ బస్సెక్కుత. నీ మీద కోపం గూడ పెట్టుకోను."

లోపల గంట మోగింది. ఆడేవాళ్లు రావాలని పిలుస్తున్నారు.

మల్లక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. తొంభై క్వింటాళ్ల బెల్లం ఎట్లా ఉంటుందో ఊహించబోయింది. ఊహకు అందలేదు. ఆసిఫాబాద్‌లో ఆడబిడ్డ ఇంటి వాకిలి ఊడుస్తున్న భూమిక మాత్రం చీపురుతో సహా కళ్ల ముందు కనిపించింది.

"లారీ తీస్కో."

"అవ్వా..."

"లారీయే తీస్కో అంటున్న గద! తల్లి ఎప్పటిలోపల అని అడగలే, నేను చెప్పలే. ఒక్క జాతరల తీరకుంటే పది జాతరలకు తీరుస్త. ఏడాది విడిచి ఏడాది ఇంత, ఇంత."

"తల్లికి కిస్తులు కడ్తవా కోడలా?" కిష్టవ్వ నోరు తెరిచింది.

"కడ్త. ఫ్రిజ్జుకు కట్టలేదా?"

భూమిక తల్లి చెయ్యి ఒకసారి నొక్కి వేదిక వైపు పరుగెత్తింది.

*

తెర మీద అడవి. వాన. ఎర్రమన్ను జావలా కారుతోంది. సాయిచంద్ జీపు ఎంచుకున్నాడు. భూమిక ఆరు చక్రాల లారీ దగ్గర ఆగి, నొక్కింది. మల్లక్క కుర్చీలో వెనక్కి వాలింది. సరే, అయిందేదో అయింది.

భూమిక ఇంకో మీట నొక్కింది. లారీ వెనక ఖాళీ తొట్టిలోకి పెద్ద పెద్ద దుంగలు ధన్, ధన్‌మని వచ్చి పడ్డాయి. బొమ్మ కింది అంకె గిర్రున తిరిగింది. తొంభై కాస్తా నూట యాభై క్వింటాళ్ల దగ్గర ఆగింది.

"గదేందే!" మల్లక్క కుర్చీలోంచి లేచింది.

"ఖాళీ లారీ బురదల జారుతది" రాయమల్లు గొణిగాడు. "లోడుంటే చక్రం నేలను కరుస్తది. కరెక్టే ఎంచింది."

"లోడు గూడ బండి లెక్కలకే వస్తదా?" కిష్టవ్వ అడిగింది.

"వస్తది మరి! మా బొగ్గు కాంటా మీద లారీని లోడుతోనే జోకు..." అని సగంలో రాయమల్లు నాలుక కరుచుకున్నాడు. భార్య కళ్లలో అట్లాంటి చూపు అతనికి పెళ్లయిన తర్వాత ఇదే మొదటిసారి కనబడింది.

పచ్చదీపం వెలిగింది.

జీపు కప్పలా దూకుతూ పోయింది. లారీ గున్న ఏనుగులా కదిలింది. హాల్లో సగం మంది నవ్వారు. వాగు దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. భూమిక చెప్పినట్టే జీపు ముక్కు నీళ్లలో మునిగి, చక్రాలు ఉత్తగా తిరుగుతూ అక్కడే ఉండిపోయింది. లారీ తొందర పడలేదు. నీళ్లను చీల్చుకుంటూ, దుంగలు కిర్రుమంటుంటే, జీపు పక్కనుంచే పోయి ఒడ్డెక్కింది. రాయమల్లు కండువా గాల్లోకి విసిరాడు. అది ముందు వరుసలో ఎవరి మీదో పడింది.

ఇంక ఒక్క ఎత్తు మిగిలింది. గుట్ట పైన జెండా కనిపిస్తోంది. లారీ సగం ఎక్కింది. అక్కడ ఆగింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. వెనక వాగులో జీపు ఎట్లాగో ఒక రాయి దొరకబుచ్చుకుని బయటపడింది. భూమిక భుజాలు బిగుసుకున్నాయి. లారీ మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి జారడం మొదలుపెట్టింది. జీపు కింది నుంచి దూసుకొస్తోంది.

మల్లక్క పెదవులు బిగించుకుంది. ఇంకో మాట రాకూడదు. ఒక్క మాట కూడా రాకూడదు. తన నోరు తాను కాచుకోవడంలో పక్కనున్న నోటి సంగతి ఆమె మరిచిపోయింది.

కిష్టవ్వ లేచి నిలబడింది. ఉత్త కాళ్ల మీద, రెండు చేతులూ తెర వైపు జోడించి, జాతరలో వినబడే గొంతుతో అందుకుంది.

"తల్లీ సారలమ్మా! నా మనుమరాలి లారీ గుట్టెక్కితే, నేను..."

పెళ్లయి పాతికేళ్లలో అత్త మీద గొంతు కూడా పెంచని మల్లక్క ఒక్క దూకు దూకి ఆమె నోరు మూసింది. ఇద్దరూ కలిసి కుర్చీల మధ్య కూలబడ్డారు. అదే సమయానికి హాలంతా ఒక్కసారిగా పెద్ద కేక పెట్టింది. జనం కుర్చీలు తన్నుకుంటూ లేచారు. అది లారీ ఎక్కినందుకో, జీపు దాటినందుకో చూసే తీరిక మల్లక్కకు లేదు.

ఆమె అరచేతి కింద అత్త పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.